డెబ్బయ్యారో లోకంలో రైళ్లు

మా పిన్ని ముప్పై ఒక్క ఏళ్లు ఒకే ఉద్యోగం చేసింది. ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే "రికార్డులు చూస్తాను" అనేది. అడిగినవాళ్లు ఏ ఆస్పత్రో, ఏ రిజిస్ట్రారు ఆఫీసో అనుకుని తల ఊపేవాళ్లు. తను చూసేది లోకాల రికార్డులని చెబితే అవతలివాళ్లు మొహం ఎలా పెడతారో ఆవిడకి అనుభవం మీద తెలుసు. అందుకని అంతకంటే చెప్పేది కాదు.

లోకాలంటే కథల్లో లోకాలే. మా కంపెనీ వారం వారం ఒక బొమ్మల కథల పత్రిక వేస్తుంది. అందులో కథానాయకుడు పడవవాడు. అతని పడవ నది దాటదు, లోకం దాటుతుంది. మన లోకం లాంటివే పక్కపక్కన చాలా ఉన్నాయనీ, ఒక్కోదానికీ మనదానికీ ఎక్కడో ఒకచోట తేడా ఉంటుందనీ, పడవవాడు మనుషుల్ని ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ చేరవేస్తాడనీ కథ. నలభై ఏళ్లుగా వస్తోంది. సినిమాలు మూడొచ్చాయి. పెన్సిల్ డబ్బాలు, దుప్పట్లు, పళ్లు తోముకునే బ్రష్షులు కూడా వచ్చాయి. రాసేది మాత్రం ఒకరు కాదు, ఆరుగురో ఏడుగురో. ఒకాయన ఉప్పులేని సముద్రం ఉన్న లోకం సృష్టిస్తాడు. మూడేళ్ల తర్వాత ఇంకొకాయన అది మరిచిపోయి అదే లోకంలో ఉప్పు మూటలు మోసేవాళ్లని పెడతాడు. పాఠకులు ఊరుకోరు, ఉత్తరాలు రాస్తారు. ఆ ఉత్తరాల బాధ పడలేకే పిన్నిని పెట్టుకున్నారు.

ఆవిడ గది మెట్ల కింద ఉండేది. కప్పు ఏటవాలుగా ఉండటంవల్ల తలుపు దగ్గర తప్ప ఇంకెక్కడా నిటారుగా నిలబడటానికి లేదు. ఒక బల్ల, ఒక ఫోను, పదహారు సొరుగుల ఇనప బీరువా. సొరుగుల్లో కార్డులు, ఒక్కో లోకానికి ఒక కార్డు. కుడిమూల అంకె, మధ్యలో పేరు, కింద తేడాలు, వెనకవైపు ఆ లోకం ఏ సంచికల్లో వచ్చిందో తేదీలు. తేడాలు ఎక్కువై ఒక కార్డు చాలకపోతే రెండోది జతచేసి దారంతో కట్టేది. దాన్ని ఆఫీసులో తోక కార్డు అనేవాళ్లం. తోక మీద అంకె వెయ్యడం ఉండేది కాదు. కట్టి ఉన్నదాని మీద మళ్లీ అంకె దేనికి అనేది పిన్ని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కొంప ముంచింది అదే.

రచయిత ఎవరికైనా కొత్త లోకం కావాలంటే పిన్నికి ఫోన్ చెయ్యాలి. ఆవిడ మూడు ప్రశ్నలు అడుగుతుంది. పేరేమిటి? మన లోకానికీ దానికీ తేడా ఏమిటి? ఆ తేడావల్ల ఎవరికి ఇబ్బంది? పేరు నాలుగు మాటలు దాటకూడదు. బొమ్మ మీద పేరు రాసే గడిలో అంతకంటే పట్టదు. ఆ గడుల్లోనూ, మనుషుల నోటి దగ్గరుండే బుడగల్లోనూ అక్షరాలు రాసేది నేనే కాబట్టి ఈ ఒక్క నిబంధనలో మాత్రం నేను పూర్తిగా పిన్ని పక్షం.

మూడో ప్రశ్న దగ్గరే చాలామంది బోల్తాపడేవాళ్లు. ఒకసారి ఒక రచయిత, తన లోకంలో మనుషులందరికీ జుట్టు ఆకుపచ్చగా ఉంటుందన్నాడు.

"దానివల్ల ఎవరికి ఇబ్బంది?" అంది పిన్ని.

"ఎవరికీ లేదండీ. చూడ్డానికి బాగుంటుందని."

"అయితే అందరూ రంగేసుకున్నారని రాసుకోండి. దానికి లోకం ఎందుకు?" అని ఫోన్ పెట్టేసింది.

అలా గీచి గీచి ఇచ్చినా మొత్తం నాలుగు వందల పన్నెండు లోకాలయ్యాయి. పన్నెండోది ఉప్పులేని సముద్రం. ముప్పై ఒకటి, అందరూ ఎడమచేతివాళ్లు. యాభై ఎనిమిది, సోమవారం లేనిది. డెబ్బై ఐదు, ఇనుము దొరకనిది. డెబ్బయ్యారు, కిందినుంచి వాన. అక్కడ వాన నేలలోంచి లేచి మబ్బుల్లోకి పోతుంది, గొడుగులు మడమలకి కట్టుకుంటారు. ఆఫీసులో అందరూ ఆవిడని లోకాలమ్మ అనేవాళ్లు. ఎదురుగా కాదు.

ఇంట్లోనూ అదే వరస. వంటగదిలో డబ్బాల మీద పేర్లు ఉండవు, అంకెలుంటాయి. పంచదార నాలుగు, ఉప్పు తొమ్మిది. అంకెల జాబితా బీరువాలో భద్రంగా ఉంటుంది. చిన్నప్పుడు ఒకసారి నేను ఆవిడకి తొమ్మిది వేసి కాఫీ ఇచ్చాను. మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, "జాబితా చూసుకోవాల్సింది" అంది. పెళ్లెందుకు చేసుకోలేదని మా పెద్దమ్మ ఒకసారి నిలదీస్తే, "చేసుకుంటే తేడా ఏమిటో ఒక్కరూ సరిగ్గా చెప్పలేకపోయారు" అని జవాబిచ్చింది. వెటకారం కాదు. నిజంగానే కనుక్కుని ఉంటుంది.

ఈ ఉద్యోగంలో పిన్నిని పెట్టించింది మా అమ్మే. అమ్మ ఆవిడకి అక్క, పడవవాడి కథలు రాసే ఆ ఆరేడుగురిలో ఒకరు. "మా ఇంట్లో ఎవరి మాటలో తప్పు దొర్లినా తేదీతో సహా ఎత్తిచూపే చెల్లెలు ఒకతి ఉంది. ఆ పనేదో జీతం తీసుకుని ఇక్కడ చేస్తే ఇంట్లో మా ప్రాణాలు హాయిగా ఉంటాయి" అని అప్పటి ఎడిటరు పెద్దాయనకి చెప్పిందట.

అమ్మ సృష్టించిన మనిషి ఒకావిడ ఉంది. రిటైరైన లెక్కల టీచరు. పడవవాడి లెక్కలు తప్పని నిరూపించడానికి అతని పడవెక్కి లోకాలన్నీ తిరుగుతుంది. బస్సెక్కితే వాంతి చేసుకుంటుంది. పాఠకులు పడవవాడి కంటే ఆవిడనే ఎక్కువ నెత్తిన పెట్టుకున్నారు. పద్నాలుగు కథల తర్వాత అమ్మ ఆవిడకి వీడ్కోలు రాసింది. డెబ్బయ్యారో లోకంలో, ప్లాట్‌ఫారం పలకల సందుల్లోంచి వాన పైకి లేస్తుంటే రైలొచ్చి ఆగుతుంది. టీచరు దిగుతుంది. అన్నేళ్లలో మొదటిసారి పడవవాడు ఆవిడ పెట్టె అందుకుంటాడు. ఆవిడ అందుకోనిస్తుంది. అంతే కథ. అది రాస్తూ అమ్మ ఏడవడం నేను చూశాను. ఆ పేజీ బుడగల్లో మాటలు రాస్తూ నేనూ కళ్లు తుడుచుకున్నాను, సిరా అలుక్కుపోయింది.

మర్నాడు పిన్ని ఫోన్ చేసింది. "డెబ్బయ్యారులో రైళ్లు లేవు."

"ఎవరన్నారు?" అంది అమ్మ.

"కార్డు. తోక కార్డులో మొదటి వాక్యం. రైళ్లు లేవు, వంతెనలన్నీ చెక్కవే, పోస్టు నడిచి వస్తుంది."

"ఆ లోకంలో రైళ్లు ఎందుకుండవే? వాన కిందినుంచి కురిస్తే రైళ్లకేం రోగం?"

"ఎందుకో నాకు తెలీదు. లేవు."

విషయం పెద్దాయన దగ్గరికి వెళ్లింది. ఆయన కార్డు ఎలా చెబితే అలా అన్నాడు. రైలు తీసేసి బస్సు పెట్టమన్నాడు.

"ఆవిడ బస్సెక్కదు. ఎక్కితే వాంతి చేసుకుంటుంది. పద్నాలుగు కథలనుంచీ చేసుకుంటోంది" అంది అమ్మ.

"చేసుకోవచ్చు. రైలు మాత్రం రాదు" అంది పిన్ని.

కథ బస్సుతోనే అచ్చయింది. నూట నలభై ఉత్తరాలొచ్చాయి. అన్నింటికీ పిన్నే జవాబు రాసింది. కిందినుంచి వాన పడే లోకంలో బస్సెక్కితే కడుపులో తిప్పదని తేల్చి, ఆ ముక్క కార్డులో కొత్త తేడాగా చేర్చింది కూడా. అమ్మకి అది పుండు మీద కారం. మెట్ల కింద గదికి వచ్చి, తల వంచుకుని నిలబడి (నిటారుగా నిలబడటానికి లేదు కదా), "నీకు అక్క కావాలో కార్డు కావాలో తేల్చుకో" అంది.

"కార్డు నా ఉద్యోగం" అంది పిన్ని.

పిన్ని ఉద్దేశంలో అది ఉన్న సంగతి చెప్పడం. అమ్మ దాన్ని జవాబుగా తీసుకుంది. ఆ రోజే పత్రిక మానేసింది. తర్వాత ఇళ్లల్లో వాడే యంత్రాలకి సూచనల పుస్తకాలు రాసే పనిలో చేరింది. బట్టలుతికే మిషనుకి, గాలి తీసే ఫ్యానుకి. వాటిలో ఎవరూ ఎక్కడికీ దాటరు.

అక్కడినుంచి పదకొండేళ్లు ఎడమొహం పెడమొహం. ఇద్దరిదీ ఒకటే భవనం. మేం మొదటి అంతస్తు, పిన్ని మూడు. ఒకటే లిఫ్ట్. ఇద్దరూ అందులో కలిస్తే తలుపు పైన వెలిగే అంకెల వంక చూస్తూ నిలబడేవాళ్లు. ఆ అంకెల్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లు ఇంకెవరూ ఉండరు. మాటలన్నీ నా ద్వారానే. "ట్యాంకు కడుగుతున్నారు, నీళ్లు పట్టుకోమని మీ పిన్నికి చెప్పు." పైకి వెళ్తాను. "పట్టుకున్నానని మీ అమ్మకి చెప్పు." కిందికి వస్తాను. మా నాన్న ఎవరి పక్షమూ తీసుకోలేదు, అందుకని ఇద్దరికీ ఆయన మీద కోపమే.

ఈలోగా ఆఫీసులో ఒక వింత మొదలైంది. డెబ్బయ్యారు అడిగిన రచయితకల్లా పిన్ని "అది మరమ్మతులో ఉంది" అని చెప్పేది. లోకానికి మరమ్మతేమిటని ఒకరిద్దరు అడగబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నారు. పోనీ డెబ్బయ్యేడు తీసుకుంటామనేవాళ్లు. అమ్మ మీద కోపంతో ఆ లోకానికి తాళం వేసిందని నేననుకున్నాను. నేనే కాదు, అందరూ అదే అనుకున్నారు.

పత్రికకి నలభై ఏళ్లు నిండే సంవత్సరం, పెద్దాయన స్థానంలో వచ్చిన కొత్త ఎడిటరు, లోకాలన్నీ ఒక పుస్తకంగా వేద్దామన్నాడు. ఒక్కో పేజీకి ఒక లోకం. అది బయటికొచ్చిన వారానికి పిన్ని రిటైరవుతుంది. ఆవిడకి ఒక ఇత్తడి ఫలకం కూడా చేయించాడు. "ముప్పై ఒక్క ఏళ్లు. ఒక్క తప్పు లేకుండా." మా ఆఫీసులో ఏ అక్షరమైనా పిన్ని చూడందే బయటికి పోదు. అందుకని ఫలకం మీద మాటలు కూడా సరిచూడమని ఆవిడకే పంపారు. ఆవిడ ఉద్యోగంలో చేరిన తేదీ ఒకటి దిద్ది, మిగతాది ముట్టుకోకుండా తిప్పి పంపింది.

కార్డులు చూసి పేజీలు రాసే పని నామీద పడింది. రెండు వారాలు మెట్ల కింద గదిలో పిన్నికి ఎదురుగా కూర్చున్నాను. మంగళవారం మధ్యాహ్నం డెబ్బై ఐదు తీశాను. ఇనుము దొరకనిది. దానికి తోక లేదు, కానీ తోక కోసం వేసిన చిల్లు ఉంది. డెబ్బయ్యారు తీశాను. తోక ఉంది. అప్పటిదాకా నేను చూసిన తోకలన్నీ తెల్లదారంతో కట్టి ఉన్నాయి, దీనికి మాత్రం నీలం దారం.

తోకలో రాసింది చదివాను. రైళ్లు లేవు. వంతెనలన్నీ చెక్కవే. పోస్టు నడిచి వస్తుంది.

ఇనుము లేని లోకంలో రైళ్లుండవు. పసిపిల్లకైనా తెలుస్తుంది. పిన్ని ప్రతి లోకానికీ రచయిత పంపిన మొదటి ఉత్తరం దాచిపెడుతుంది. ఆ ఫైలు తీశాను. డెబ్బై ఐదు కోసం వచ్చిన ఉత్తరంలో ఆ మూడు వాక్యాలూ ఉన్నాయి. డెబ్బయ్యారు ఉత్తరంలో రైళ్ల ఊసే లేదు.

"పిన్నీ, ఈ తోక దీనిది కాదు" అన్నాను.

"తెలుసు" అంది. పెన్సిలు చెక్కుతోంది.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"పదేళ్ల నాలుగు నెలల నుంచి."

టీచరు కథ రాకముందు ఒకసారి గోడలకి రంగులేసినప్పుడు సొరుగులన్నీ వరండాలో పెట్టారట. ఒక సొరుగు తిరగబడి కొన్ని దారాలు తెగాయట. తోకల మీద అంకెలు లేవు కాబట్టి గుర్తున్నదాన్నిబట్టి, చేతికందిన నీలం దారంతో మళ్లీ కట్టిందట. అమ్మ వెళ్లిపోయిన ఎనిమిది నెలలకి ఎవరో డెబ్బై ఐదు కావాలని అడిగితే కార్డు తీసి చూసింది. తోక లేదు. అప్పుడర్థమైంది.

"మరి అమ్మకెందుకు చెప్పలేదు?"

"సోమవారం చెబుదామనుకున్నాను. సోమవారం లిఫ్ట్‌లో మీ అమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. సరే, మంగళవారం చెబుదామనుకున్నాను. మంగళవారం నేను తిప్పుకున్నాను. తర్వాత అలవాటైపోయింది."

నాకు ఒళ్లు మండిపోయింది. పదేళ్ల నాలుగు నెలలు పైకీ కిందికీ తిరిగిన కాళ్లు నావి. "తప్పు చేశానని ఒక్క మాట అనడానికి నీకు నోరు రాలేదా? ఆ లోకానికి తాళం వేసుకుని మరమ్మతులో ఉందని చెప్పుకుంటూ కూర్చున్నావా?" అని గట్టిగానే అరిచాను. మెట్ల మీద పోతున్నవాళ్లెవరో ఆగారు కూడా.

పిన్ని చెక్కిన పెన్సిల్ని పక్కన పెట్టి, చెక్కిన తుక్కుని చేత్తో ఒకచోటికి చేర్చింది. "ఎవరికైనా ఇచ్చి ఉంటే రైళ్లు లేని కథ రాసేవాళ్లు. అబద్ధం ఇంకోటి పెరిగేది. ఖాళీగా ఉంటే కనీసం ఉన్నది ఉన్నట్టు ఉంటుంది కదా అనుకున్నాను" అంది. తర్వాత కాసేపటికి, "మీ అమ్మ రాసిన ఆ స్టేషను కూడా అలాగే ఉంటుంది కదా" అంది.

శుక్రవారం మొదటి విడత పేజీలు ప్రెస్సుకి వెళ్లాలి. రైళ్లు లేవని అచ్చయితే ఇక ఎప్పటికీ లేనట్టే. అమ్మే తప్పు రాసినట్టు పుస్తకంలో నిలిచిపోతుంది. దిద్దాలంటే దానికో పద్ధతి ఉంది, ఆ పద్ధతి పెట్టింది కూడా పిన్నే. కార్డు మీద ఏదీ కొట్టెయ్యకూడదు, చెరపకూడదు. పసుపు చీటీ మీద తప్పేమిటో, ఎవరు చేశారో, ఎలా జరిగిందో రాసి, సంతకం పెట్టి, కార్డుకి గుచ్చాలి. అప్పటిదాకా రెండు వందల ఆరు పసుపు చీటీలున్నాయి. అన్నీ ఇతరుల తప్పులు. ఆవిడ పేరుతో ఒక్కటీ లేదు. ఆ ఒక్కటీ లేకపోవడమే ఆవిడ ఆస్తి, ఫలకం మీద చెక్కించింది కూడా అదే.

బుధవారం పిన్ని మామూలుగానే కార్డులు చూసుకుంది. గురువారం పసుపు చీటీల కట్ట తీసి బల్ల మీద పెట్టుకుంది, సాయంత్రం తిరిగి లోపల పెట్టేసింది. నేను డెబ్బయ్యారో పేజీ మాత్రం రాయకుండా వదిలేసి డెబ్బయ్యేడుకి వెళ్లాను.

శుక్రవారం పదింటికి పిన్ని చీటీ రాసి, ఆరేదాకా ఆగి, ఎడిటరు గదికి బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను.

ఎడిటరు చదివి నీళ్లు నమిలాడు. "మేడమ్, దీనికింత రాద్ధాంతం దేనికి? ఆ తోకేదో చప్పుడు చెయ్యకుండా మార్చి కట్టేద్దాం. పదకొండేళ్లనాటి బస్సు ఇప్పుడెవరికి గుర్తుంటుంది?"

"మా అక్కకి" అంది పిన్ని.

"ఫలకం చెక్కించేశాం మేడమ్."

"దానికీ ఒక చీటీ అంటించండి."

అలా డెబ్బయ్యారో పేజీ అడుగున, పసుపు గడిలో, నా చేత్తో రాసిన అక్షరాలతో అచ్చయింది. "ఈ లోకంలో రైళ్లు ఉన్నాయి. లేవని ఇంతకాలం చెప్పడం కార్డులు చూసే మనిషి తప్పు. వేరే లోకం తోక దీనికి కట్టింది. టీచరు రైల్లో రావడమే సరి. బస్సు తప్పు. రచయిత్రి సరిగ్గానే రాసింది." కింద పిన్ని సంతకం.

నెల తర్వాత పుస్తకం వచ్చింది. మొదటి కాపీ తెచ్చి అమ్మ బల్ల మీద పెట్టాను. "డెబ్బయ్యారో పేజీ చూడమ్మా" అన్నాను.

"వరసలో వస్తుందిగా" అంది అమ్మ, కళ్లజోడు తీసుకుంటూ.

సూచనల పుస్తకాలు రాసి రాసి, మొదటినుంచి చదవనివాళ్లంటే ఆవిడకి అసహ్యం పట్టుకుంది. ముందుమాట చదివింది. ముద్రణ వివరాలు చదివింది. పెన్సిలు పట్టుకుని రోజుకి పన్నెండు పదమూడు పేజీల చొప్పున లోకాలు మొదలుపెట్టింది. మధ్యలో పేజీలు తిప్పి చూపించబోతే చేతి మీద కొట్టింది.

ఇక రోజూ పొద్దున్నే ఆఫీసులో పిన్ని, తల ఎత్తకుండా, "ఎక్కడిదాకా వచ్చింది?" అనేది.

"పదమూడు."

"ఉప్పులేని సముద్రం గురించి ఏమైనా అందా?"

"అచ్చు బాగుందంది."

మర్నాడు ఇరవై ఆరు. ఆ తర్వాత ముప్పై తొమ్మిది. ఎడమచేతివాళ్ల పేజీలో ఏదో రాసుకుందని చెబితే పిన్ని రెండుసార్లు అడిగింది, ఏం రాసుకుందని. నాకు కనబడలేదు. యాభై రెండు. అరవై నాలుగు. ఈ అంకెలు చెబుతుంటే పిన్ని చేతిలో పెన్సిలు ఆగిపోయేది. అంత పెద్ద మనిషి, పరీక్ష ఫలితాల కోసం కూర్చున్నట్టు కూర్చునేది. నాకు జాలేసింది. అమ్మ మీద కోపమూ వచ్చింది, ఒక్క పదకొండు పేజీలు దాటేస్తే ఏం పోయిందని.

ఆరో రోజున "డెబ్బై ఐదు దగ్గర ఆపింది. కళ్లు లాగుతున్నాయంది" అన్నాను.

పిన్ని డెబ్బై ఐదు కార్డు తీసి చూసి, మళ్లీ సొరుగులో పెట్టింది. "ఇనుము దొరకనిది" అంది చివరికి. "రేపు నా ఆఖరి రోజు."

ఆ ఆఖరి రోజు నేను బయల్దేరేటప్పటికి అమ్మ ఇంకా పుస్తకం తెరవలేదు. ఆఫీసులో నాలుగింటికి సభ. ఫలకం అప్పటికే హాల్లో బల్ల మీద ఉంది. ఎడిటరు మాట మీద నిలబడే మనిషే, "ఒక్క తప్పు లేకుండా" అన్నదాని పక్కన పసుపు చీటీ అంటించి ఉంది. పిన్ని కార్డుల అంకెలన్నీ ఒకసారి సరిచూసింది. నెలనుంచీ తోకలన్నిటి మీదా అంకెలు వేసుకుంటూ వచ్చింది, అదీ పూర్తయింది. పెన్సిళ్లు, పెన్నూ ఒక డబ్బాలో సర్దింది. పదకొండున్నరకి ఫోన్ మోగింది.

"లోకాల విభాగం" అంది పిన్ని, ఎప్పట్లాగే.

"డెబ్బయ్యారు కావాలి."

మా అమ్మది పెద్ద గొంతు. ఫోన్‌లో మాట్లాడితే గదిలో అందరికీ వినిపిస్తుంది. నేను రాస్తున్న పెన్ను కింద పెట్టేశాను. పిన్ని మొహంలో ఏమీ మారలేదు. సొరుగు లాగి, కార్డు తీసి ముందు పెట్టుకుంది. డబ్బాలోంచి మళ్లీ పెన్ను తీసింది.

"ఎవరు మాట్లాడేది?"

"రచయిత్రిని."

"కథ పేరు?"

"ఇంకా పెట్టలేదు. ఆ లోకం మరమ్మతులో ఉందని విన్నాను. ఇస్తారా?"

"మరమ్మతు అయిపోయింది."

"అయితే టీచరు వస్తుంది. రైల్లో."

"రావచ్చు" అంది పిన్ని. "కార్డులో కొత్తగా చేర్చాల్సిన తేడా ఏమైనా ఉందా?"

"ఉంది. రాసుకో. ఆ లోకంలో రైళ్లు పదకొండేళ్లు ఆలస్యంగా నడుస్తాయి."

పిన్ని రాయడం మొదలుపెట్టింది. "రైళ్లు" అని రాసింది. అక్కడ ఆగిపోయింది. పెన్ను కాగితం మీదే ఉంది.

"అది తేడా కాదక్కా" అంది. "ఇక్కడా అంతే."

అవతల మా అమ్మ మాట్లాడలేదు. పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ ఫోన్‌లో అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ ఎరగను. నాకు ఏడుపొచ్చేసింది. పిన్ని ఏడవలేదు, రిసీవరు మాత్రం రెండు చేతుల్తో పట్టుకుంది.

"మూడో ప్రశ్న అడగవేం?" అంది అమ్మ చివరికి.

"ఎవరికి ఇబ్బంది?"

"నా కూతురికి. పైకీ కిందికీ తిరగలేక చస్తోంది." అంది అమ్మ. "సాయంత్రం లిఫ్ట్ మొదటి అంతస్తులో ఆపు."

"ఆపుతాను" అంది పిన్ని.

ఫోన్ పెట్టేసి కార్డు వంక చూసింది. "రైళ్లు" అని సగంలో ఆగిన వాక్యం అలాగే ఉంది. కొట్టెయ్యడానికి నిబంధనలు ఒప్పుకోవు. కాసేపు ఆలోచించి, దాని పక్కన "వస్తాయి" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది.